గ్యాలో థోండుప్: చేతిలో కాగితం లేని రాయబారి

#1 | బెజవాడ బాటసారి

మొన్న డిసెంబరులో పశ్చిమ బెంగాల్ కొండల్లో ఉన్న కాలింపాంగ్ వెళ్ళొచ్చాం. టెన్త్ మైల్ బజారులో ఒక కొట్టు ముందు ఆగితే, ఎండబెట్టిన నూడిల్స్ కట్టలు కనిపించాయి. మన దగ్గర దొరికే ఇన్‌స్టంట్ రకం కాదు. అగరుబత్తీల కట్టలా నిటారుగా, కాగితం చుట్టి ఉన్నాయి. గోధుమపిండి వాసన వస్తోంది. "దలైలామా వాళ్ళ అన్నగారి ఫ్యాక్టరీలోనూ ఇలాంటివే చేస్తారు" అంది కొట్టావిడ. బేరం కోసం చెబుతోందనుకుని నవ్వేసి రెండు కట్టలు కొన్నాను.

2025 ఫిబ్రవరి 8న ఆ అన్నగారు కాలింపాంగ్‌లోనే పోయారని వార్త చూశాను. పేరు గ్యాలో థోండుప్, వయసు 97. వార్తలో ఒక పేరాలో సీఐఏ, ఇంకో పేరాలో చైనా నాయకుడు డెంగ్ జియావోపింగ్, చివర్లో నూడిల్స్. ముగ్గురు మనుషుల కథలు కలిపి రాసేశారా అనిపించింది. ఎవరికైనా ఈయన గురించి తెలుసా? కాస్త వివరంగా చెప్పండి. గూగుల్‌లో చదివితే తల తిరుగుతోంది.

#2 | చలికోటు

దలైలామాకి అన్న కూడా ఉన్నాడా! చిన్నప్పట్నుంచీ ఆయన ఒక్కరే ఆకాశం నుంచి ఊడిపడ్డారనుకున్నా.

#3 | పాతకాగితం

ఒక్కరేమిటి, పెద్ద కుటుంబం. టిబెట్ ఈశాన్యాన ఆమ్దో ప్రాంతం, తక్సేర్ అనే చిన్న ఊరు, రైతు కుటుంబం. బతికి బట్టకట్టిన అన్నదమ్ములు ఐదుగురు. పెద్దాయన థుబ్తెన్ నోర్బు మఠాధిపతి అయ్యాడు. నాలుగోవాడు దలైలామా. మిగిలిన ఇద్దరినీ కూడా మఠానికే ఇచ్చారు. రెండోవాడైన గ్యాలో ఒక్కడే కాషాయం కట్టలేదు. ఇంటి వ్యవహారం చూసుకోవడానికి ఒకడు ఉండాలి కదా. మన ఇళ్ళల్లో పొలం చూసుకోవడానికి ఒకణ్ణి ఉంచేసినట్టు.

1939లో తమ్ముణ్ణి లాసాకి తీసుకెళ్ళినప్పుడు ఇల్లంతా కదిలింది. 1946 నాటికి గ్యాలో చదువు కోసం నాన్‌జింగ్ చేరాడు. అక్కడ అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై-షేక్ ఈ కుర్రాణ్ణి సొంత మనిషిలా చూశాడు, చదువు ఖర్చు పెట్టుకున్నాడు, ఇంట్లో భోజనం పెట్టాడు. ఊరికే కాదు లెండి, దలైలామా అన్న తమ చేతిలో ఉంటే ఎప్పటికైనా పనికొస్తాడని లెక్క. 1948లో గ్యాలో ఒక కొమింటాంగ్ (చియాంగ్ పార్టీ) జనరల్ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాది కమ్యూనిస్టులు వస్తుంటే ఇద్దరూ ఇండియా వచ్చేశారు.

ఆయన జీవితానికి తాళంచెవి ఇక్కడుంది. చైనా భాష గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి, చైనావాళ్ళ అల్లుడు, దలైలామాకి అన్న. ఇలాంటి మనిషి టిబెటన్లలో ఇంకొకడు లేడు. అందుకే ఎవరికి కబురు పంపాలన్నా దారి ఈయన గుమ్మం మీదుగానే పోయేది. అందుకే ఎవరికి అనుమానం వచ్చినా మొదట ఈయన మీదే వచ్చేది.

#4 | ఎర్రమట్టి

మాస్టారు బాగా చెప్పారు కానీ అసలు సంగతి దాటేశారు. ఈయన సీఐఏ మనిషి. అమెరికా డాలర్లు తీసుకుని అమాయకులైన ఖంపా (తూర్పు టిబెట్‌లోని ఖామ్ ప్రాంతపు) కుర్రాళ్ళని పారాచ్యూట్ కట్టి కొండల్లోకి తోయించాడు. ఎంతమంది తిరిగొచ్చారో అడగండి. 1998లో అమెరికా ప్రభుత్వమే పాత కాగితాలు బయటపెట్టింది. 1964 లెక్కల ప్రకారం టిబెట్ వ్యవహారానికి ఏడాదికి 17 లక్షల డాలర్లు. అందులో దలైలామా పేరు మీద 1,80,000. నేపాల్‌లో ఉన్న 2,100 మంది గెరిల్లాలకి 5 లక్షలు. ఇది నేను చెప్పేది కాదు, వాళ్ళ పద్దు పుస్తకం.

దీన్ని మనం "స్వాతంత్ర్య పోరాటం" అని ముద్దుగా పిలుచుకుంటున్నాం.

#5 | పాతకాగితం

ఎర్రమట్టి గారూ, దాటెయ్యలేదు, వస్తున్నాను. మీ అంకెలు సరైనవే. ధర్మశాలలోని టిబెటన్ల ప్రవాస ప్రభుత్వం కూడా 1998లో ఆ డబ్బు తీసుకున్న మాట ఒప్పుకుంది.

కానీ ఆయన మొదటి రోజు నుంచీ తుపాకీ పట్టలేదు. 1952లో లాసా వెళ్ళి భూసంస్కరణలు చెయ్యాలన్నాడు. రైతుల మీద అప్పుల భారం తగ్గించాలన్నాడు. లాసా దొరలకి ఒళ్ళు మండింది, వీడు చైనావాళ్ళ మనిషి అన్నారు. చైనా అధికారులకేమో కొమింటాంగ్ అల్లుడని అనుమానం. రెండు వైపులా ఊపిరాడక అదే ఏడాది మళ్ళీ ఇండియా దాటేశాడు. మీరు సీఐఏ మనిషి అంటున్నారు, అప్పట్లో వాళ్ళ సొంతవాళ్ళు కమ్యూనిస్టు అన్నారు. ఒకే మనిషిని!

1956లో బుద్ధజయంతికి దలైలామా ఇండియా వచ్చినప్పుడు అన్నలిద్దరూ ఇక వెనక్కి వెళ్ళొద్దని పట్టుబట్టారు. చైనా ప్రధాని జౌ ఎన్‌లై కూడా అప్పుడు ఢిల్లీ వచ్చి ఈ అన్నదమ్ములతో మాట్లాడాడు. నెహ్రూ వెళ్ళమనే సలహా ఇచ్చాడు. దలైలామా వెళ్ళాడు. ఆ తర్వాతే గ్యాలో సీఐఏ దారి పట్టాడు.

1957లో మొదటి బ్యాచ్ ఆరుగురు. కాలింపాంగ్ నుంచి రాత్రిపూట గ్యాలోనే జీపులో తూర్పు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరకి దింపాడు. అక్కణ్ణుంచి నడక, తర్వాత ఢాకా దగ్గర కుర్మిటోలా ఎయిర్‌ఫీల్డ్, అక్కణ్ణుంచి పసిఫిక్‌లో సైపాన్ దీవి. చాలామంది అప్పటికి సముద్రమే చూసినవాళ్ళు కాదు. అక్కడ పెద్దన్న నోర్బు దుబాసీ. తర్వాత శిక్షణ కొలరాడోలోని క్యాంప్ హేల్‌కి మారింది. ఆ మంచుకొండల క్యాంపుకి టిబెటన్లు "దుమ్రా" అని పేరు పెట్టుకున్నారు, అంటే తోట.

#6 | మాజీ జవాన్ (మందస)

పాతకాగితం గారూ, దండం. మొదటి ఆరుగురిలో అథర్, లోట్సే అని ఇద్దర్ని వైర్‌లెస్ సెట్లతో టిబెట్ లోపల సామ్యే దగ్గర దింపారు. 1959 మార్చిలో దలైలామా లాసా నుంచి తప్పించుకుని వస్తుంటే దారిలో ఈ ఇద్దరే కలుసుకుని, ఇండియా ఆశ్రయం అడుగుతూ మెసేజ్ పంపారు. మార్చి 31న సరిహద్దు దాటారు. నేను సిగ్నల్స్‌లో చేశాను కాబట్టి ఈ ముక్క నాకు ఇష్టం. ఆ ఎత్తులో, ఆ చలిలో, చేత్తో తిప్పే జనరేటర్ మీద మోర్స్ కొట్టడం అంటే ఏమిటో చేసినవాడికే తెలుస్తుంది. వేళ్ళు కొంకర్లు పోతాయి. ఒక అక్షరం తప్పితే మొత్తం మళ్ళీ మొదలు.

ఎర్రమట్టి తమ్ముడూ, తిరిగి రానివాళ్ళు చాలామందే. టిబెట్ లోపల దింపిన టీములు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మాట నిజమే. కానీ "తోయించాడు" అనకు. ఖంపాలు ఎవరూ తోస్తే వెళ్ళే రకం కాదు. అప్పటికే వాళ్ళ మఠాల మీద బాంబులు పడ్డాయి. తుపాకీ ఎవరిస్తారా అని తిరుగుతున్న జనం వాళ్ళు.

#7 | ఎర్రమట్టి

జవాన్ అన్నా, నీ మాట కాదనను. కానీ ఇచ్చినవాడి ఉద్దేశం చూడాలి కదా. టిబెట్‌కి స్వాతంత్ర్యం ఇప్పిద్దామని ఇచ్చాడా అమెరికా? చైనాకి కాల్లో ముల్లులా ఉంచుదామని ఇచ్చాడు. నిక్సన్ బీజింగ్ వెళ్ళాల్సి వచ్చేసరికి ఆ ముల్లు తీసి పారేశాడు.

#8 | పాతకాగితం

ఈ మాట స్వయంగా గ్యాలోయే అన్నాడు. 2015లో ఒక అమెరికన్ ప్రొఫెసరమ్మతో కలిసి రాసిన ఆత్మకథలో, సీఐఏతో చేతులు కలిపినందుకు పశ్చాత్తాపపడ్డాడు. అమెరికాకి కావల్సింది టిబెట్ కాదు, చైనాకి చికాకు అని అర్థమయ్యేసరికి ఆలస్యమైందన్నాడు. కాబట్టి ఎర్రమట్టి గారూ, మీరు, ఆయన ఒకే పక్షం 🙂

కానీ ఒక లాభం గురించి కూడా చెప్పాలి. 1961 అక్టోబరులో నేపాల్ ముస్తాంగ్‌లో ఉన్న టిబెటన్ గెరిల్లాలు ఒక చైనా సైనిక వాహనం మీద దాడి చేశారు. దొరికింది ఒక నీలం సంచి. గుళ్ళు దూరి, రక్తం అంటిన సంచి. అందులో 1,600 పేజీలకి పైగా సైన్యం రహస్య పత్రాలు. గ్రేట్ లీప్ ఫార్వర్డ్ అనే మావో పథకం తెచ్చిన కరువు గురించి, సైనికుల్లో అసంతృప్తి గురించి చైనా సైన్యం తనలో తాను రాసుకున్నది. చైనా లోపలి సంగతులు అంత వివరంగా వాషింగ్టన్‌కి అంతకుముందు తెలియవు. ఆ సంచి ఎత్తుకొచ్చినవాళ్ళలో చాలామందికి అందులో ఏముందో చదవడం రాదు.

#9 | చలికోటు

ఈ సంచి మీద సినిమా ఎందుకు తియ్యలేదెవరూ!

#10 | నిర్మల_ఉత్తరాలు

అందరూ సీఐఏ, తుపాకులు అంటున్నారు. ఆ ఇంటావిడ గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆవిడ చైనా పేరు జూ దాన్, పెళ్ళయ్యాక డికీ డోల్కర్. పుట్టింటి దేశానికీ అత్తింటి దేశానికీ మధ్య యుద్ధం జరుగుతుంటే డార్జిలింగ్‌లో కూర్చుని ఆవిడ ఏం చేసిందో తెలుసా? 1959 అక్టోబరు 2న శరణార్థుల కోసం స్వయంసహాయక కేంద్రం మొదలైంది. ఆరంభంలో పనివాళ్ళు నలుగురే. ఆవిడ ఏళ్ళ తరబడి దాన్ని నడిపింది. ఉన్ని వడకడం, రంగులద్దడం, తివాచీలు నెయ్యడం, చెక్కపని, అనాథ పిల్లల చదువు. ఇప్పటికీ డార్జిలింగ్ వెళ్ళినవాళ్ళు అక్కడ తివాచీలు చూసి వస్తారు.

నేను పెళ్ళయిన కొత్తలో వెళ్ళాను. ఒక ముసలావిడ మగ్గం ముందు కూర్చుని ముడి వేస్తూ, ఇనపకడ్డీ మీద ఉన్ని తిప్పి, కత్తితో ఒక్క గీత గీసింది. గీసిన చోట ఉన్ని పువ్వులా విచ్చుకుంది. తలెత్తి చూడలేదు మమ్మల్ని. ఒక వరస అయ్యేసరికి టీ చల్లారిపోయింది ఆవిడకి.

మొగుడి రాయబారాలు ఎక్కడ తేలాయో చూస్తూనే ఉన్నాం. ఆవిడ పెట్టిన మగ్గాలు అరవై ఏళ్ళు దాటినా ఆడాయి.

#11 | బెజవాడ బాటసారి

నిర్మల గారూ, ఇది నాకు అస్సలు తెలియదు. డార్జిలింగ్‌లో రెండు రోజులున్నాం, టైగర్ హిల్ పొగమంచు చూసి తిరిగొచ్చేశాం 😞

నాకు అర్థం కాని ముక్క: ఇన్ని చేసిన మనిషిని చైనావాళ్ళు ఎందుకు పిలిచారు? డెంగ్ ఎక్కణ్ణుంచి వచ్చాడు ఈ కథలోకి?

#12 | పాతకాగితం

ఈ కథలో అసలు ఘట్టం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

1970ల్లో గ్యాలో రాజకీయాలకి దూరంగా హాంకాంగ్‌లో వ్యాపారం చేసుకుంటున్నాడు. మావో పోయాడు, డెంగ్ పైకొచ్చాడు. 1978 చివర్లో హాంకాంగ్‌లోని షిన్హువా వార్తాసంస్థ పెద్ద నుంచి కబురొచ్చింది. (హాంకాంగ్‌లో అప్పట్లో షిన్హువా అంటే పేరుకే వార్తలు, నిజానికి అనధికార రాయబార కార్యాలయం. అనధికార రాయబారికి అనధికార కార్యాలయం నుంచి పిలుపన్నమాట!) గ్యాలో తమ్ముడి అనుమతి తీసుకున్నాడు. అదీ ప్రభుత్వం తరఫున కాదు, వ్యక్తిగా వెళ్ళమని. 1979 మార్చిలో బీజింగ్‌లో డెంగ్‌ని కలిశాడు.

డెంగ్ చెప్పిందిగా గ్యాలో మోసుకొచ్చిన మాట ఒక్కటే: స్వాతంత్ర్యం తప్ప మిగతా అన్నీ మాట్లాడుకోవచ్చు.

ఆ ఒక్క వాక్యం మీద టిబెటన్ల తర్వాతి నలభై ఏళ్ళ రాజకీయం నిలబడింది. దలైలామా స్వాతంత్ర్యం పక్కనపెట్టి స్వయంప్రతిపత్తి చాలనడానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ అవతలివాళ్ళు వింటారన్న నమ్మకం ఈ మాటతోనే వచ్చింది. ఇక తమాషా ఏమిటంటే, తర్వాత చైనా అధికారులు డెంగ్ అసలు ఆ మాట అనలేదన్నారు.

కాగితం లేదు. సంతకం లేదు. పక్కన టిబెటన్ అధికారి ఎవరూ లేరు. ఉన్నది ఒక అన్నగారి చెవి, ఆయన జ్ఞాపకం.

#13 | ఎర్రమట్టి

అదే నేననేది. ఇంత పెద్ద మాట తెచ్చినవాడు రాయించుకోవద్దా? ఊళ్ళో రెండు సెంట్ల స్థలం కొంటేనే స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు కావాలి. దేశం సంగతి నోటిమాట మీద వదిలేస్తారా?

#14 | ధాన్యకటకం

ఎర్రమట్టి గారూ, రాయబారం అంటేనే నోటిమాట కదండీ. మన రాయబారాలు గుర్తు చేసుకోండి. యుద్ధానికి ముందు మూడు నడిచాయి. ద్రుపదుడి పురోహితుడు వెళ్ళాడు. తర్వాత ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పంపాడు. ఆఖరికి కృష్ణుడు. జనానికి కృష్ణ రాయబారమే గుర్తు, ఎందుకంటే నాటకాల్లో పద్యాలు దానికే ఉన్నాయి. కానీ గ్యాలోది సంజయ రాయబారం.

సంజయుడు ఏం తెచ్చాడు? "నాయనా ధర్మరాజా, నువ్వు ధర్మం తెలిసినవాడివి, యుద్ధం మంచిది కాదు, శాంతిగా ఉండు" అన్న ముసలిరాజు తీపిమాట. రాజ్యం సంగతి మాత్రం ఎత్తడు. డెంగ్ మాట చదవండి మళ్ళీ. రాజ్యం అడక్కండి, మిగతావన్నీ మాట్లాడుకుందాం!

ఆ తర్వాత పాండవులు ఐదూళ్ళకి దిగారు. దలైలామా 1987లో వాషింగ్టన్‌లో ఐదు సూత్రాల శాంతి ప్రణాళిక చెప్పారు. 1988లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇంకా దిగారు, విదేశాంగం చైనా చేతిలోనే ఉండనీ అన్నారు. సూదిమొన మోపినంత కూడా రాలేదు.

#15 | చలికోటు

ధాన్యకటకం గారికి ఒక హార్మోనియం 👏

#16 | పాతకాగితం

పోలిక బాగుంది, నేను దాచుకుంటాను. ఒక్క తేడా. సంజయుణ్ణి పంపినవాడు ధృతరాష్ట్రుడు, ఆ సంగతి అందరికీ తెలుసు. తిరిగొచ్చాక నిండు కొలువులో చెప్పాడు. గ్యాలోని పంపినవాళ్ళెవరు? చైనావాళ్ళు పిలిచారు, తమ్ముడు సరే అన్నాడు, ధర్మశాల క్యాబినెట్‌లో సగం మందికి ఆ పద్ధతి నచ్చలేదు. ఇండియాకి తెలుసు, కానీ తెలియనట్టు ఉంది. పని జరిగితే అందరిదీ, చెడితే ఆయనొక్కడిది. అనధికార రాయబారిని పెట్టుకోవడంలో ఉన్న సుఖం ఇదే కదా. ఎప్పుడు కావాలంటే అప్పుడు "అతనెవరో మాకు తెలియదు" అనొచ్చు.

ఎర్రమట్టి గారి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. రాసిమ్మని అడిగితే అది అధికారిక చర్చ అయిపోతుంది. అధికారిక చర్చ అయితే చైనా పిలిచేదే కాదు.

అలాగని వట్టి చేతులతో రాలేదు. ప్రవాస ప్రతినిధులు టిబెట్ వెళ్ళి కళ్ళారా చూసి రావడానికి డెంగ్ ఒప్పుకున్నాడు. 1979 ఆగస్టులో మొదటి బృందం వెళ్ళింది. అందులో ఇంకో తమ్ముడు లోబ్సాంగ్ సామ్తెన్ ఉన్నాడు. జనం వీళ్ళమీద ఉమ్ముతారో రాళ్ళేస్తారో అని చైనా అధికారులు భయపడి, మర్యాదగా ఉండండని ముందే మీటింగులు పెట్టి చెప్పారట. తీరా జరిగింది వేరు. వేలమంది ఏడుస్తూ మీదపడ్డారు. సామ్తెన్ బట్టల పీలికలు చింపి ప్రసాదంలా దాచుకున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత దలైలామా ఇంటి మనిషిని చూడటం అది. అధికారులు నోళ్ళు తెరిచారు. 1980లో రెండో బృందం యాత్రని లాసాలో జనం ఎగబడ్డాక మధ్యలోనే ఆపేశారు. చెల్లెలు జెత్సున్ పెమా కూడా అదే ఏడాది ఒక బృందాన్ని తీసుకెళ్ళింది.

#17 | మాజీ జవాన్ (మందస)

ఈ యాత్రల సంగతి నాకు మా పక్కనే విన్న కథ. మా మందస వైపు నుంచి కొండలెక్కితే ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి ఉంది, 1963లో పెట్టిన టిబెటన్ల సెటిల్‌మెంట్. మొక్కజొన్న వేస్తారు. జిరంగ్‌లో పెద్ద మఠం కట్టారు, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. శ్రీకాకుళం జిల్లా జనం ఆదివారాలు బళ్ళు కట్టుకుని వెళ్తారు, ఫోటోలు దిగుతారు, మోమోలు తిని వచ్చేస్తారు. ఆ పొలాల్లో ముసళ్ళతో ఎవరూ మాట్లాడరు.

నేను మాట్లాడతాను, హిందీలో. అక్కడొక పెద్దాయనది ఖామ్. చలికాలం లూధియానాలో అరువు మీద స్వెటర్లు తెచ్చి మన ఊళ్ళల్లో అమ్మేవాడు, చలి తగ్గాక బాకీ తీర్చేవాడు. 1980లో వాళ్ళ చుట్టం ఒకాయన టిబెట్ వెళ్ళొచ్చి, ఇంటి ముందు మట్టి మూటగట్టి తెచ్చి ఇచ్చాడట. ఆ మట్టి ఏం చేశావని అడిగా. కొంచెం నాలిక మీద వేసుకున్నా, మిగతాది మొక్కజొన్నలో కలిపేశా అన్నాడు. నాకింకేం మాట్లాడబుద్ధి కాలేదు.

ఒకటి మర్చిపోయా. 1962 యుద్ధం చివర్లో మన ప్రభుత్వం టిబెటన్లతో ఒక దళం పెట్టింది, ఎస్టాబ్లిష్‌మెంట్ 22, చక్రాతాలో. మేము "టూటూ" అనేవాళ్ళం. దాని మొదటి కమాండర్ జనరల్ ఉబాన్ అంతకుముందు 22 మౌంటెన్ రెజిమెంట్‌లో చేశాడు, అందుకే ఆ అంకె. కుర్రాళ్ళని చేర్పించడంలో గ్యాలోది పెద్ద చెయ్యి. చైనాతో కొట్లాడతామని చేరినవాళ్ళని 1971లో బంగ్లాదేశ్ పంపాం, చిట్టగాంగ్ కొండలకి. బాగా పోరాడారు, యాభై మందికి పైగా చచ్చిపోయారు. రహస్య దళం కాబట్టి బయటికి చెప్పుకోవడానికి కూడా లేదు. 2020లో లద్దాఖ్‌లో ఆ దళం జవాన్ ఒకడు పాత మందుపాతర మీద కాలేసి పోతే, అప్పుడు మొదటిసారి టీవీల్లో చూపించారు.

#18 | నిర్మల_ఉత్తరాలు

జవాన్ గారూ, ఆ మట్టి ముక్క చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

#19 | ఎర్రమట్టి

సరే, ఒప్పుకుంటున్నా, మనిషి ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. కానీ బంగారం సంగతి? 1950లో లాసా ఖజానా నుంచి బంగారం, వెండి కంచర గాడిదల మీద సిక్కిం చేర్చారు. రాజుగారి గుర్రపుసాలలో దాచారు. తర్వాత కలకత్తాలో అమ్మారు. ఆ డబ్బు ఏమైంది? శరణార్థులు రోడ్లు వెయ్యడానికి రాళ్ళు కొడుతుంటే డబ్బు ఇనపగొట్టాల ఫ్యాక్టరీలో పోయిందట. సిక్కిం నుంచి కలకత్తాకి తరలింపు చూసింది ఈ అన్నగారే.

#20 | పాతకాగితం

నిజమే. పెట్టుబడులు పెట్టినవాళ్ళు వ్యాపారస్తులు కారు, కొందరు మోసం కూడా చేశారు. చివరికి మిగిలింది పది లక్షల డాలర్లలోపే. ఆ మచ్చ ఆయన మీద చివరిదాకా ఉంది. తను తినలేదని ఆయన చెప్పుకున్నాడు. తిన్నాడని రుజువు చేసినవాళ్ళూ లేరు. ప్రవాస టిబెటన్లలో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ ఇళ్ళల్లో గొడవలే.

నా అభిప్రాయం అడిగితే: ఆయనకి అన్ని పనులూ తన చేత్తోనే జరగాలన్న పట్టుదల ఎక్కువ. పైసా లెక్కకి ఇంకొకణ్ణి, కబురుకి ఇంకొకణ్ణి పెట్టే అలవాటు లేదు. అది డబ్బు దగ్గర అపనింద తెచ్చింది, డెంగ్ మాట దగ్గర సాక్షి లేకుండా చేసింది. రెండూ ఒకే లోపం.

#21 | బెజవాడ బాటసారి

ఇప్పుడు బొమ్మ కనిపిస్తోంది. మరి చర్చలు ఎక్కడ ఆగిపోయాయి?

#22 | పాతకాగితం

ఇక క్లుప్తంగా. 1980 మేలో చైనా కమ్యూనిస్టు పార్టీ పెద్ద హు యావోబాంగ్ లాసా వచ్చి అక్కడి పేదరికం చూసి తమ వాళ్ళనే కడిగేశాడు. ఆశ పుట్టింది. 1981 జులైలో అదే హు, గ్యాలో చేతికి ఐదు అంశాలిచ్చాడు. సారాంశం: దలైలామా రావచ్చు, 1959కి ముందున్న హోదా ఇస్తాం, కానీ ఉండాల్సింది టిబెట్‌లో కాదు, బీజింగ్‌లో. అరవై లక్షల మంది టిబెటన్ల సమస్య అడిగితే ఒక్క మనిషికి ఇల్లు చూపించారు. 1982, 84లో బృందాలు వెళ్ళాయి, ఏమీ తేలలేదు. 1987లో లాసాలో ఊరేగింపులు, కాల్పులు, 89లో మార్షల్ లా.

1991 నుంచి 93 వరకు గ్యాలో ప్రవాస ప్రభుత్వంలో ప్రధానిగా చేశాడు. జీవితంలో ఆయనకున్న పెద్ద పదవి అదే అనుకోవచ్చు. అదీ రెండేళ్ళు. అధికారిక సంబంధాలు సరిగ్గా 93లోనే తెగిపోయాయి. అదే సెప్టెంబరులో మన పీవీ బీజింగ్ వెళ్ళి సరిహద్దు శాంతి ఒప్పందం చేసుకున్నారు. ఢిల్లీ, బీజింగ్ దగ్గరవుతున్న కొద్దీ టిబెటన్ల కుర్చీ వెనక్కి జరగడం మామూలే. 2002లో గ్యాలో మళ్ళీ లాసా వెళ్ళగలిగాడు. ఆ సెప్టెంబరు నుంచి దలైలామా దూత లోడి గ్యారి నాయకత్వంలో కొత్త చర్చలు, 2010 దాకా తొమ్మిది రౌండ్లు. అక్కడితో సరి.

#23 | ఎర్రమట్టి

పీవీ దగ్గరకి వచ్చారు కాబట్టి ఒక మాట. ఐక్యరాజ్యసమితిలో టిబెట్‌కి వ్యతిరేకంగా ఓటేసింది కూడా మన ఇండియాయే కదా?

#24 | పాతకాగితం

కాదండీ. 1959 అక్టోబరు తీర్మానం ఐర్లాండ్, మలయా పెట్టాయి. గ్యాలో న్యూయార్క్‌లో కూర్చుని తలుపు తలుపూ తట్టాడు. 45 అనుకూలం, 9 వ్యతిరేకం, 26 తటస్థం. మనం తటస్థుల్లో ఉన్నాం. 1965లో అనుకూలంగా వేశాం, అప్పటికి 62 దెబ్బ తగిలింది కదా.

#25 | ఎర్రమట్టి

ఓకే, దిద్దుకున్నాను.

#26 | మోడరేటర్

మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. మతాల మీద తిట్లు ఈ గుంపులో వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

#27 | ధాన్యకటకం

మా అమరావతి సంబంధం కూడా ఒకటి చెప్పి ఆపేస్తాను. లాసా పక్కన ద్రెపుంగ్ అని పెద్ద మఠం ఉంది. ఆ మాటకి అర్థం ధాన్యపు రాశి. మా ధాన్యకటకం పేరు మీద పెట్టుకున్నదే. బుద్ధుడు కాలచక్రం అనే తంత్ర బోధ మొదట ఉపదేశించింది ఇక్కడేనని వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా కాలచక్రానికి వచ్చినప్పుడు ఊరు ఊరంతా టిబెటన్లే. మా ఇంటి అరుగు మీద నాలుగు రోజులు ఒక కుటుంబం ఉంది. పొద్దున్నే మా అమ్మ పెట్టిన ఇడ్లీని ఉప్పుటీలో ముంచుకు తినేవాళ్ళు. మా అమ్మ చూడలేక లోపలికి వెళ్ళిపోయేది. వాళ్ళకి కారప్పొడి కూడా తెగ నచ్చింది, వెళ్ళేటప్పుడు సీసా అడిగి పట్టుకెళ్ళారు.

#28 | చలికోటు

ఇడ్లీ, ఉప్పుటీ!! ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికన్నా షాక్ ఇదే.

బాటసారి గారూ, ఇంతకీ ఆ నూడిల్స్ ఎలా ఉన్నాయి? ఆయన ఇల్లు చూశారా?

#29 | బెజవాడ బాటసారి

ఇల్లు చూడలేదు. అప్పుడు ఈ కథేమీ తెలియదు కదా, ఎవరిదో ఏ వైపో అడగాలని కూడా తోచలేదు. ఆయన అప్పటికి బతికే ఉన్నారు, అదే ఊళ్ళో. అది తలచుకుంటే మనసు పీకుతోంది. నెహ్రూ రోజుల్లో గూఢచారుల గూడు అని పేరు పడ్డ ఊరట. ఉన్ని గోదాములు, టిబెట్ నుంచి జెలెప్ లా కనుమ మీదుగా దిగే కంచర గాడిదల బారులు ఉండేవట. నాకు కనిపించినవి షేర్ జీపులు, స్కూలు యూనిఫారాలు, పొగమంచు.

నూడిల్స్ ఒక కట్ట నిన్న రాత్రి వండాం. మా ఆవిడ మామూలు ఉప్మాలా తాలింపు పెట్టబోయింది, ఆపాను. ఎముకల పులుసు లేదు కాబట్టి ముల్లంగి, వెల్లుల్లి వేసి నీళ్ళు మరిగించి అందులో వేశాం. ఎనిమిది నిమిషాలు పట్టింది ఉడకడానికి. విరగలేదు, ముద్దవలేదు. చిన్నాడు రెండోసారి పెట్టించుకున్నాడు.

ఇంకో కట్ట ఉంది. జవాన్ గారూ, ఈసారి చంద్రగిరి వెళ్ళేటప్పుడు చెప్పండి, నేనూ వస్తాను. మందసలో కలుస్తా.

#30 | మాజీ జవాన్ (మందస)

రా తమ్ముడూ. మార్చి 10 తర్వాత రా, ఆ రోజు వాళ్ళకి లాసా తిరుగుబాటు దినం, మాట్లాడే తీరిక ఉండదు. పలాసలో దిగి ఫోన్ చెయ్యి, బండి తెస్తా. ఆ పెద్దాయనకి పళ్ళు లేవు, నూడిల్స్ అయితే తింటాడు.